మరలో చెయ్యి పెట్టేవాడి జేబులోనే తాళంచెవి ఉండాలి

ఖరీఫ్ ధాన్యం మిల్లులకు చేరే రోజులు దగ్గరపడ్డాయి. అంతకు ముందే ప్రతి మిల్లులోనూ ఓవర్‌హాలింగ్ మొదలవుతుంది. బెల్టులు మారుస్తారు, బేరింగులకు గ్రీజు పెడతారు, షెల్లర్‌కు కొత్త రబ్బరు రోళ్లు బిగిస్తారు, ఎలివేటర్ గుంటల్లో పేరుకుపోయిన పాత ధాన్యాన్ని తోడేస్తారు. రొయ్యల ప్లాంట్లలో, బిస్కెట్ కంపెనీల్లో, నూనె మిల్లుల్లో, కారం మరల్లో ఇదే పని ఏడాది పొడవునా, ఎక్కువగా రాత్రి షిఫ్టుల్లో నడుస్తూనే ఉంటుంది. యంత్రం సరుకు ఆడుతున్నంతసేపూ మనిషి దానికి ఎడంగా ఉంటాడు. అది ఆగినప్పుడే దగ్గరికి వెళ్తాడు. మూత విప్పుతాడు, చెయ్యి పెడతాడు, ఒక్కోసారి మొత్తం మనిషే లోపలికి దూరతాడు. ఈ హెచ్చరిక ఆ ఘడియ గురించే.

చెప్పదలచుకున్నది ఒక్కటి. స్విచ్ ఆపితే చాలదు. కరెంటు వచ్చే దారికి తాళం పడాలి. ఆ తాళంచెవి లోపల చెయ్యి పెట్టిన మనిషి జేబులోనే ఉండాలి. సూపర్‌వైజర్ దగ్గర కాదు, ఆఫీసు గోడకు కొట్టిన మేకుకు కాదు, మేస్త్రీ బొడ్లో కాదు.

తవుడు లాగే స్క్రూ కన్వేయర్ సంగతి చూడండి. పొడవాటి రేకు తొట్టి, అందులో ఇనుప కడ్డీ, కడ్డీ చుట్టూ మెలి తిరిగిన పట్టీ. తడి తగిలిన తవుడు ముద్దకట్టి కొస దగ్గర పట్టేస్తుంది. మోటారు మూలుగుతుంది, బెల్టు కాలిన వాసన వస్తుంది, స్టార్టర్ ట్రిప్ అవుతుంది. జామ్ అయిందని ఆపరేటర్ మూత తీసి పుల్లతో పొడుస్తాడు. అది కదలకపోతే మోచేతి దాకా చెయ్యి దించి గోళ్లతో పెళ్లగిస్తాడు. సరిగ్గా అప్పుడే గోడకు అవతల ప్యానెల్ దగ్గర ఉన్నవాడు, ఈ మనిషి అరిచినా వినపడనంత హోరులో, ట్రిప్ అయిన స్టార్టర్‌ను రీసెట్ చేసి పచ్చబటన్ నొక్కుతాడు. అతను చేసింది కూడా తన పనే. ఎవరూ తాగి లేరు, ఎవరూ కునుకు తీయలేదు. కానీ మెలిపట్టీ దొరికిన చేతిని వదలదు, తిరిగిన కొద్దీ లోపలికే లాక్కుంటుంది. మోటారు ఆపే మనిషి చేరేలోపు పని అయిపోతుంది.

ఆ సాయంత్రం రిజిస్టర్‌లో 'కార్మికుడి అజాగ్రత్త' అని రాస్తారు. ఆ మాటను నేను ఒప్పుకోను. ఇద్దరు మనుషులు తమ తమ పని చేసుకుంటూ పోతే మూడో నిమిషంలో ఒకడి చెయ్యి పోయే ఏర్పాటు ఉందంటే తప్పు ఆ ఏర్పాటుది, దాన్ని అలా ఉంచినవాళ్లది.

మన ప్రాంతంలో దీనికి ఇంకో ముప్పు తోడైంది. కరెంటు పోతుంది. పోయిన ఆ పది నిమిషాలూ వృథా పోకూడదని జల్లెడ శుభ్రం చేయడానికో, పిండి మర రాళ్ల మధ్య ఇరుక్కున్నది తీయడానికో మనిషి పూనుకుంటాడు. మెయిన్ స్విచ్ మాత్రం ఆన్‌లోనే ఉంటుంది. మంచి స్టార్టర్‌లో నో-వోల్ట్ కాయిల్ ఉంటుంది. కరెంటు పోగానే అది విడిపోతుంది, మళ్లీ ఎవరో బటన్ నొక్కితే తప్ప మోటారు కదలదు. చిన్న యూనిట్లలో చాలాచోట్ల ఆ కాయిల్ కాలిపోయి ఉంటుంది, లేదా మాటిమాటికీ నొక్కే బాధ లేకుండా ఆటో స్టార్టర్ పెట్టి ఉంటారు. కరెంటు తిరిగి రాగానే మర దానంతట అదే లేస్తుంది. ఎవరూ ఏ బటనూ నొక్కనక్కర్లేదు. కరెంటు లేని మరను ఆగిన మర అనుకోవద్దు. వచ్చేదాకా ఎదురుచూస్తున్న మర అది.

కరెంటు స్తంభం ఎక్కే లైన్‌మన్ ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకోకుండా ఎక్కకూడదని మన ఊళ్లో పిల్లలకు కూడా తెలుసు. ఎల్‌సీ ఇచ్చాక కూడా పొరపాటున సరఫరా వదిలితే పైనున్న మనిషి తీగకే వేలాడటం పత్రికల్లో ఎన్నిసార్లు చదవలేదు? మిల్లులో మూత విప్పే ఫిట్టర్‌కు ఆ మాత్రం ఎల్‌సీ కూడా లేదు. 'ఆపాను అన్నా, చూసుకో' అన్న కేక ఒక్కటే అతనికున్న రక్షణ. నోటిమాట మీద ప్రాణం పెట్టకూడదు. తాళం నోటిమాట కాదు కాబట్టే దాని కోసం ఇంతగా చెప్పడం.

పెద్ద కంపెనీలకు, పెద్ద దేశాలకు ఈ బెడద లేదనుకుంటే పొరపాటు. 2012 అక్టోబర్‌లో అమెరికాలోని కాలిఫోర్నియాలో, బంబుల్ బీ వారి ట్యూనా చేపల ఫ్యాక్టరీలో, 62 ఏళ్ల కార్మికుడొకరు బాగుచేసే పని మీద 35 అడుగుల పొడవున్న ఆవిరి పొయ్యిలోకి దూరాడు. అతను కనపడకపోతే బాత్‌రూమ్‌కు వెళ్లి ఉంటాడనుకున్నారు తోటివాళ్లు. దాదాపు 5,400 కిలోల చేపల డబ్బాలను లోపలికి నెట్టి, తలుపు వేసి, పొయ్యి వెలిగించారు. లోపల వేడి 132 డిగ్రీల సెల్సియస్ దాకా పెరిగింది. తర్వాత మైకులో పిలిచారు, కార్లు నిలిపే చోట వెతికారు. రెండు గంటలు గడిచాక పొయ్యి తెరిస్తే అతని శవం దొరికింది. 2015లో ఆ కంపెనీ 60 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. అందులో సగం, మనిషి లోపలికి దూరాల్సిన అవసరమే లేని కొత్త పొయ్యిలు పెట్టడానికి. ఆ పొయ్యి స్విచ్‌కు ఆ రోజు ఆ మనిషి చేతి తాళం ఒక్కటి వేలాడుతూ ఉంటే, తోటివాళ్లు ఎంత తొందరపడినా అది వెలిగేది కాదు.

ఆ దేశంలో తాళం వేయాలన్న నియమం 1989లోనే వచ్చింది. దానివల్ల ఏటా 120 దాకా మరణాలు, 50,000 దాకా గాయాలు తప్పుతాయని అక్కడి కార్మిక భద్రతా సంస్థ ఓషా లెక్క. నియమం ఉన్నా, దాన్ని పాటించని చోట మనిషి చచ్చిపోతాడని 2012లో తెలిసింది. 2023 జూలైలో మిసిసిప్పీ రాష్ట్రంలోని ఒక కోళ్ల ప్లాంటులో మళ్లీ తెలిసింది. అక్కడ యంత్రం కడుగుతూ అందులోకి ఈడ్చుకుపోయి చనిపోయినవాడికి పదహారేళ్లు. ఆ వయసువాణ్ని ఆ పనిలో పెట్టడమే అక్కడి చట్టానికి విరుద్ధం. మర కడిగే పనిని 'పెద్ద పనేం కాదు' అని లెక్కలేకుండా చూసేచోటే ఇలాంటి పిల్లలు తేలతారు. కడగడం కూడా మెయింటెనెన్సే, మూతలు విప్పి చేసే మెయింటెనెన్స్.

ఇక తాళం ఎలా వేయాలి? ముందు ఆ లైన్ మీద పనిచేసే అందరికీ చెప్పాలి. మరను మామూలుగా ఆపాలి. తర్వాత కంట్రోల్ బటన్ దగ్గర ఆగిపోకుండా, ఆ మరకు కరెంటు వచ్చే మెయిన్ ఐసొలేటర్ దాకా వెళ్లి దాన్ని కిందికి దించి తాళం పెట్టాలి. ఎర్రటి ఎమర్జెన్సీ బటన్‌ను నమ్ముకోవద్దు. అది కంట్రోల్ కరెంటును ఆపుతుందే కానీ మోటారు దాకా వచ్చే దారిని తెంపదు, పైగా ఎవరైనా తిప్పి వదిలేయగలరు. తాళానికి పేరు, వీలైతే ఫొటో ఉన్న చీటీ కట్టాలి. ముగ్గురు పనిచేస్తుంటే మూడు తాళాలు పడాలి, ఒకే స్విచ్‌కు ఎన్నో తాళాలు పట్టే ఇనుప కొక్కెం బజారులో దొరుకుతుంది. తాళం పట్టని పాత స్విచ్ అయితే మూడు ఫేజుల ఫ్యూజు క్యారియర్లనూ పీకి, మూడింటినీ జేబులో వేసుకుని, బోర్డు మీద చీటీ కట్టాలి. ఇది తాళానికి సాటి రాదు. తాళం పట్టే స్విచ్ మార్చేదాకా గడుపుకోవడానికే.

తాళం పడ్డాక అసలైన పరీక్ష ఒకటుంది, మనవాళ్లు ఎక్కువగా వదిలేసేదీ అదే. ఎవరూ దగ్గర లేరని చూసుకుని, స్టార్ట్ బటన్ నొక్కి చూడాలి. మర కదలకూడదు. కదిలిందంటే తాళం పక్క మర స్విచ్‌కు పడిందన్న మాట. ప్యానెల్ మీద నంబర్లు చెరిగిపోయి, ఏ స్విచ్ దేనిదో పాత ఎలక్ట్రీషియన్‌కు తప్ప ఎవరికీ తెలియని మిల్లులు ఎన్నో ఉన్నాయి. ఓవర్‌హాలింగ్‌లో మొదటి పనిగా ఆ నంబర్లు పెయింటుతో రాయించండి. బెల్టుల కంటే ముందు ఇది.

తాళం తీసేది వేసినవాడే. షిఫ్టు మారితే కొత్తగా వచ్చినవాడు తన తాళం వేశాకే పాతవాడు తనది తీయాలి. 'వాడు ఇంటికెళ్లిపోయాడు, కోసెయ్' అన్న మాట వినపడిందంటే ఆ మిల్లులో తాళం ఉన్నా లేనట్టే.

కరెంటు తెగినా మరలో బలం మిగిలే ఉంటుంది. ఎలివేటర్‌లో ఒక పక్క బకెట్లన్నీ ధాన్యంతో నిండి ఉంటాయి, రెండో పక్కవి ఖాళీ. కింద గుంటలో జామ్ విడవగానే నిండిన పక్క బరువుకు బెల్టు ఒక్క ఉదుటున కిందికి జారుతుంది. మోటారు తీగలు ఊడదీసి పక్కన పెట్టినా సరే, ఆ జారుడు ఆగదు. పొట్లాలు కట్టే ప్యాకింగ్ మిషన్‌లో దవడలు గాలి ఒత్తిడితో మూసుకుంటాయి. స్విచ్ ఆపినా గొట్టంలో గాలి ఉన్నంతసేపూ అవి ఒక్కసారి మూసుకోగలవు, అవి సీల్ వేసే వేడి దవడలు కూడా. అందుకని గాలి వాల్వ్ కట్టేసి గొట్టంలో మిగిలింది వదిలేయాలి. బెల్టు జారకుండా దుంగో బిగింపో పెట్టాలి. వేడి సంగతీ ఇంతే. 1998లో ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఒక రొట్టెల ఫ్యాక్టరీలో విరిగిన భాగాలు తీయడానికి ఇద్దరు మెయింటెనెన్స్ వాళ్లను కన్వేయర్ మీదే పొయ్యిలోకి పంపారు. పొయ్యి ఆపే ఉంది. చల్లారనివ్వలేదు. లోపల ఇంకా దాదాపు వంద డిగ్రీలు. ఇద్దరూ చనిపోయారు.

ఇప్పుడు అన్నిటికంటే భయపడాల్సిన సంగతి, మన గడ్డ మీద జరిగినది. 2023 ఫిబ్రవరి 9న కాకినాడ జిల్లా పెద్దాపురం మండలం జి.రాగంపేటలో, ఒక నూనె ఫ్యాక్టరీలో వంటనూనె ట్యాంకు శుభ్రం చేయడానికి దిగి ఏడుగురు ఊపిరాడక చనిపోయారు. అందులో ఎక్కువమంది పాడేరు మన్యం నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లు. అంతకు ఆరేళ్ల ముందు, 2017 మార్చి 30న, పశ్చిమ గోదావరి జిల్లా మొగల్తూరు దగ్గర రొయ్యలు, చేపలు ప్రాసెస్ చేసే ప్లాంటులో ట్యాంకు కడగబోయి విషవాయువుకు ఐదుగురు బలయ్యారు. రెండు చోట్లా చంపింది తిరిగే చక్రం కాదు, గాలి. నూనె ట్యాంకు అడుగున మిగిలిన మడ్డి కుళ్లి లోపలి ఆక్సిజన్‌ను తినేస్తుంది. వ్యర్థాల తొట్టిలో హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. కొంచెం ఉంటే కుళ్లిన గుడ్ల వాసన వేస్తుంది, ఎక్కువైతే ముక్కే మొద్దుబారి వాసన తెలియకుండా పోతుంది. వాసన లేదు కదా అని దిగడమంత ప్రమాదం ఇంకోటి లేదు.

ఇలాంటి చోట ఒకడు పడిపోతే చూస్తూ నిలబడలేక రెండోవాడు దిగుతాడు, వాణ్ని పట్టుకోవడానికి మూడోవాడు. మనిషితనం ఉన్నవాడే ముందు చచ్చిపోతాడు. 2021 జనవరి 28న అమెరికాలోని జార్జియా రాష్ట్రం గెయిన్స్‌విల్‌లో కోడిమాంసం గడ్డకట్టించే ఫ్రీజర్ నుంచి ద్రవ నైట్రోజన్ పొంగింది. దాన్ని బాగుచేస్తున్న ఇద్దరు మెయింటెనెన్స్ కార్మికులతో పాటు మొత్తం ఆరుగురు ఊపిరాడక చనిపోయారు. ఏం జరిగిందో చూద్దామని, తోటివాళ్లను లాగుదామని తెల్లటి ఆవిరిలోకి పరుగెత్తినవాళ్లు పదిమంది పైనే.

ట్యాంకుకు వేసే తాళం వేరు. నూనె వచ్చే పైపు వాల్వ్‌కు, లోపలి కలిపే చక్రం మోటారుకు తాళాలు పడాలి. అంతటితో అయిపోలేదు. బ్లోయర్‌తో గాలి పంపి, మీటరుతో ఆక్సిజన్ చూడాలి. మామూలు గాలిలో 20.9 శాతం ఉంటుంది, 19.5 కంటే తగ్గితే దిగకూడదు. నడుముకు బెల్టు, బెల్టుకు తాడు, తాడు రెండో కొస బయట నిలబడ్డ మనిషి చేతిలో. ఆ బయటి మనిషికి ఒకటే పని, కదలకుండా ఉండి, తేడా వస్తే లాగడం, కేక వేయడం. ఏం జరిగినా అతను దిగకూడదు. గ్యాస్ మీటరు లేదా? అయితే ఆ ట్యాంకులోకి మనిషి వెళ్లడానికి వీల్లేదు. బయటి నుంచి నీళ్ల జెట్‌తో కడగండి, లేకపోతే ఆ సామగ్రి ఉన్నవాళ్లను పిలవండి.

ఇవేవీ కొత్తగా కనిపెట్టిన సంగతులు కావు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే 36వ సెక్షన్ ట్యాంకుల్లో దిగడానికి రాతపూర్వక ధ్రువపత్రం కానీ, శ్వాస పరికరం, తాడు కానీ ఉండాలంది. 24వ సెక్షన్, పొరపాటున ఆన్ అయ్యే అవకాశమున్న స్విచ్‌కు తాళం ఏర్పాటు ఉండాలంది. ఆ చట్టం స్థానంలో 2020 నాటి వృత్తి భద్రతా కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. నిబంధనలు పాటించక కార్మికుడు చనిపోతే రెండేళ్ల దాకా జైలు, లేదా ఐదు లక్షల రూపాయలకు తగ్గని జరిమానా, లేదా రెండూ. పాత చట్టంలో కనీస జరిమానా పాతికవేలే కాబట్టి ఇది మెరుగే. అయితే అదే కోడ్ ఇంకో తలుపు తెరిచింది. కరెంటుతో నడిచే చోట 20 మంది ఉంటేనే ఫ్యాక్టరీ. పాత చట్టంలో ఆ సంఖ్య 10. పదిహేను మందితో నడిచే పచ్చళ్ల యూనిట్, కారం మిల్లు, మరమరాల బట్టీ ఆ గీతకు బయటే ఉండిపోతాయి. స్క్రూ కన్వేయర్‌కు చుట్టూ ఎంతమంది ఉన్నారో తెలియదు. ఈ సడలింపు తప్పు అని గట్టిగా అంటున్నాను.

ప్రభుత్వానికి మనసుంటే మార్గం ఇంకోవైపు నుంచి ఉంది. కస్టమ్ మిల్లింగ్ కింద రెండు తెలుగు రాష్ట్రాల పౌరసరఫరాల సంస్థలూ మిల్లులకు ధాన్యం ఇస్తాయి. ఇచ్చేముందు మిల్లు సామర్థ్యం చూస్తారు, బ్యాంకు గ్యారంటీ అడుగుతారు, ఇచ్చాక స్టాకు తనిఖీ చేస్తారు. అదే తనిఖీలో బెల్టులకు గార్డులు ఉన్నాయా, స్విచ్‌లకు తాళాలు పడతాయా అని కూడా చూడమనండి. లేని మిల్లుకు ధాన్యం ఆపండి. చిన్న ఆహార యూనిట్లకు పీఎంఎఫ్ఎంఈ అనే కేంద్ర పథకం కింద ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, పది లక్షల దాకా సబ్సిడీ వస్తోంది. ప్రజల సొమ్ముతో కొన్న గ్రైండర్‌కు మూత తీస్తే ఆగిపోయే ఏర్పాటు, తాళం పట్టే స్విచ్ లేకపోతే ఆ సొమ్ము విడుదల కాకూడదు. కొత్త చట్టం అక్కర్లేదు, దరఖాస్తులో ఒక గడి చేరిస్తే సరిపోతుంది.

యజమానులతో ఒక మాట. ఒక తాళం, చీటీ, కొక్కెం కలిపి కొన్ని వందల రూపాయలు. తాళం వేసి తీయడానికి పట్టే టైము గురించి మీరు అంటారని తెలుసు. సీజన్‌లో గంట మిల్లు ఆగితే ఎంత నష్టమో నాకూ తెలుసు. కానీ 'ఒక్క నిమిషం పనే కదా, నడుస్తుండగానే కానిచ్చెయ్' అన్న మాట ఫిట్టర్‌తో అనేది మీరూ, మీ సూపర్‌వైజర్లే. ఆ మాట మీ నోటి నుంచి ఆగిపోతే సగం ప్రమాదాలు ఆగుతాయని నా నమ్మకం. తెలంగాణ మిల్లుల్లో హమాలీలు చాలామంది బీహార్ నుంచి వచ్చినవాళ్లు. గోడ మీద తెలుగులో రాసిన 'జాగ్రత్త' వాళ్లకు గీతలే. హిందీలో, బొమ్మలతో రాయించండి. పనిలో చేరిన రోజే ఒకసారి మర దగ్గర నిలబెట్టి చేసి చూపించండి.

కార్మికులకు. లుంగీ, మెడలో తువ్వాలు, చున్నీ, జారే కొంగు, విరబోసిన జుట్టు తిరిగే షాఫ్టు దగ్గర ఉండకూడదు. చేతి తొడుగులు కూడా తిరిగేచోట ప్రమాదమే, వేలి కంటే ముందు తొడుగే చిక్కుకుంటుంది. మీ తాళం ఇంకొకరికి ఇవ్వకండి. తాళం లేకుండా చెయ్యి పెట్టమంటే 'తాళం ఇవ్వండి, పెడతా' అనండి. ఇది ఒక్కడు అంటే తిరుగుబాటు అనుకుంటారు, కాబట్టి పదిమందీ కలిసి అనండి.

జరగకూడనిది జరిగితే మెయిన్ ఆపి తాళం వేయండి. మోటారును వెనక్కి తిప్పి చెయ్యి లాగే ప్రయత్నం చేయొద్దు, నలిగింది ఇంకా నలుగుతుంది. ఫిట్టర్‌తో షాఫ్టు విప్పించండి. 108కి ఫోన్ చేసి మనిషి మరలో ఇరుక్కున్నాడని స్పష్టంగా చెప్పండి. రక్తం కారేచోట శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా అదిమి పట్టుకోండి. వేలు తెగిపడితే పసుపు, కాఫీపొడి పూయకండి. తడి చేసి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి కట్టి, ఆ సంచిని ఐసు ఉన్న ఇంకో సంచిలో పెట్టండి. వేలికి ఐసు నేరుగా తగలకూడదు. మనిషితో పాటే, ఆలస్యం లేకుండా, వేళ్లు అతికించే వైద్యం ఉన్న ఆస్పత్రికి పంపండి. పాత పరిహార చట్టం పట్టికలో చూపుడువేలు మొత్తం పోతే సంపాదన శక్తిలో తగ్గినట్టు లెక్కించేది 14 శాతం, బొటనవేలికి 30. అతికితే వచ్చే చెయ్యి ముందు ఆ పరిహారం ఏ మూలకు?

ఈఎస్ఐ ఉంటే పనికి వెళ్లలేని రోజులకు జీతంలో 90 శాతం వస్తుంది, ప్రమాదం నివేదిక ఆ రోజే రాయించుకోండి. ఆ మరను కడిగి, మూత బిగించి మర్నాడే నడిపించనివ్వకండి. ఇన్‌స్పెక్టర్ వచ్చి స్విచ్ ఏ స్థితిలో ఉందో, తాళం ఉందో లేదో కళ్లతో చూసేదాకా అది ఎలా ఉన్నది అలాగే ఉండాలి.